తొమ్మిది ఫలక్‌ల కథ: ప్రాచీన విశ్వభావనను ఆధునిక శాస్త్రజ్ఞులు ఎలా ప్రశ్నించారు?

రంజాన్ నెలలో ఒక రాత్రి, మా స్టేషన్ ఘన్‌పూర్ మస్జిద్‌లో తరావీహ్ నమాజు ముగిసిన తర్వాత, ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక కుర్రవాడు నా ప్రక్కన వచ్చి కూర్చున్నాడు. అతని చేతిలో తాతగారి నాటి ఉర్దూ వ్యాఖ్యాన గ్రంథమొకటి ఉన్నది. "మౌలానా సాబ్, ఇందులో భూమి కదలదనీ, సూర్యుడు నాలుగో ఆకాశంలో బిగించి ఉన్నాడనీ రాశారు. కాలేజీలో ఇంకో తీరుగా చెప్తున్నారు. ఇప్పుడు నేను దేన్ని నమ్మాలె?" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే. కాని సమాధానం సరిగా చెప్పకపోతే ఆ కుర్రవాడు రెండు నష్టాలలో ఏదో ఒకదానికి గురి కాగలడు. కాలేజీ చదువు ధర్మవిరుద్ధమని భయపడి దానికి దూరం కావచ్చు. లేదా, ఆ పుస్తకంలో రాసిందే ధర్మమనుకొని, అది తప్పని తేలినప్పుడు ధర్మానికే దూరం కావచ్చు. కనుక ఆ 'నాలుగో ఆకాశం' ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని ఎవరు, ఏ ఆధారంతో తొలగించారు అనే విషయాన్ని పాఠకులకు వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

తొమ్మిది ఫలక్‌లు

మద్రసాలో చదువుకునే రోజుల్లో మేము 'తష్‌రీహుల్ అఫ్లాక్' అనే చిన్న అరబ్బీ గ్రంథం చదివాము. బహావుద్దీన్ ఆమిలీ రాసిన ఆ పుస్తకం, 'షర్హె చగ్‌మీనీ' అనే మరో గ్రంథం, దర్సె నిజామీ పాఠ్యక్రమంలో ఖగోళ విద్యకు చాలాకాలం ఆధారంగా ఉండేవి. మా ఉస్తాద్ నల్లబల్ల మీద ఒకదాని చుట్టూ ఒకటిగా తొమ్మిది వృత్తాలు గీసేవారు. నడుమ భూమి. దాని చుట్టూ వరుసగా చంద్రుడు, బుధుడు (ఉతారిద్), శుక్రుడు (జుహ్రా), సూర్యుడు, కుజుడు (మిర్రీఖ్), గురుడు (ముష్తరీ), శని (జుహల్) అనే ఏడింటికి ఏడు ఫలక్‌లు. ఎనిమిదవది స్థిర నక్షత్రాల ఫలక్. తొమ్మిదవది అన్నిటినీ దినానికి ఒకసారి త్రిప్పే ఫలకుల్ అఫ్లాక్. గీయడం పూర్తయ్యాక ఆయన సుద్దముక్క క్రింద పెట్టి, "ఇది యవనుల లెక్క. ఖుర్ఆన్ లెక్క కాదు. పరీక్షకు రాయండి, అఖీదాలో కలపకండి" అనేవారు. ఆ మాటలోని విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత, అనువాదాలు చేయడం మొదలుపెట్టిన తర్వాత తెలిసింది.

ఈ తొమ్మిది వృత్తాల వెనుక ఇద్దరు గ్రీకు మేధావులున్నారు. మొదటివాడు క్రీస్తు పూర్వం నాలుగవ శతాబ్దానికి చెందిన అరిస్టాటిల్. ఆయన విశ్వాన్ని రెండు భాగాలుగా విభజించాడు. చంద్రునికి దిగువనున్నదంతా మట్టి, నీరు, గాలి, నిప్పు అనే నాలుగు భూతాలతో ఏర్పడినది. పుట్టడం, చెడటం ఇక్కడే. చంద్రుని నుంచి పైనున్నదంతా ఐదవ పదార్థం. అది పుట్టదు, మారదు, నశించదు, వృత్తాకారంగా మాత్రమే తిరుగుతుంది. రెండవవాడు క్రీ.శ. రెండవ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో నివసించిన టాలమీ. మనవారు ఆయనను బత్లీమూస్ అన్నారు. ఆయన గ్రంథం అరబ్బీలో 'అల్ మజస్తీ'గా ప్రసిద్ధి పొందింది. ఖలీఫా మామూన్ కాలంలో హజ్జాజ్ ఇబ్నె యూసుఫ్ ఇబ్నె మతర్ దాన్ని అనువదించాడు. తర్వాత ఇస్‌హాఖ్ ఇబ్నె హునైన్ చేసిన అనువాదాన్ని సాబిత్ ఇబ్నె ఖుర్రా సరిదిద్దాడు.

టాలమీ లెక్క కేవలం ఊహ అనుకోవడం పొరపాటు. కుజుడు కొన్ని నెలలు ముందుకు నడిచి, ఆగి, కొంతకాలం వెనుకకు నడిచి, మళ్లీ ముందుకు సాగుతున్నట్లు కనిపిస్తాడు. మన పంచాంగాలు దీన్నే వక్రగతి అంటాయి. దీన్ని లెక్కకట్టడానికి టాలమీ ఒక పెద్ద వృత్తం మీద ఒక చిన్న వృత్తాన్ని త్రిప్పాడు. పెద్దదాన్ని అరబ్బీలో హామిల్ అనీ, చిన్నదాన్ని తద్‌వీర్ అనీ అన్నారు. అది కూడా చాలక, వేగం సమానంగా కనిపించడానికి కేంద్రం నుంచి ప్రక్కకు జరిగిన మరో బిందువును కల్పించాడు. ఈ ఏర్పాటుతో గ్రహణాలు, గ్రహస్థానాలు చాలావరకు సరిగానే లెక్కకు వచ్చేవి. పధ్నాలుగు వందల సంవత్సరాలు అది నిలవడానికి ఇదే కారణం.

తఫ్సీర్‌లోకి ఎలా ప్రవేశించింది?

గ్రీకు విద్య బాగ్దాదుకు వచ్చినప్పుడు వైద్యం, గణితంతో పాటు ఈ విశ్వచిత్రం కూడా వచ్చింది. ఆనాడు అది నిరూపిత శాస్త్రం. దివ్య ఖుర్ఆన్ సప్తాకాశాలను ప్రస్తావించింది. గ్రహాల ఫలక్‌లూ ఏడే. కుర్సీ, అర్ష్ అనే మాటలను ఎనిమిది, తొమ్మిది ఫలక్‌లకు అన్వయిస్తే లెక్క సరిపోయింది. కొందరు వ్యాఖ్యాతలు, తత్త్వవేత్తలు అలాగే అన్వయించారు. వారి ఉద్దేశం చెడ్డది కాదు. తమ కాలపు విద్యావంతులకు తమ కాలపు భాషలో చెప్పాలనుకున్నారు. కాని ఫలితమేమైంది? గ్రీకు గణితజ్ఞుని అంచనా దైవవాక్కుకు అర్థమై కూర్చున్నది. తరాలు గడిచే కొద్దీ అది అంచనా అనే సంగతి మరుగున పడింది.

అయితే అందరూ అంగీకరించలేదు. ఇమామ్ ఫఖ్రుద్దీన్ రాజీ (రహ్మ) విశ్వం ఇంత మాత్రమేనన్న తత్త్వవేత్తల వాదాన్ని నిరాకరించి, అల్లాహ్ తలచుకుంటే ఈ లోకం వంటి లోకాలను ఎన్నిటినైనా సృష్టించగలడని వాదించారు. ఇమామ్ గజాలీ (రహ్మ) మరో హెచ్చరిక చేశారు. గ్రహణం ఎలా పడుతుందో గణితం నిరూపించిన తర్వాత, ధర్మం పేరుతో దాన్ని కాదనేవాడు ధర్మానికి మేలు చేయడం లేదు, కీడే చేస్తున్నాడన్నది ఆయన మాటల సారాంశం. తత్త్వవేత్తలను ఖండించడానికి రాసిన గ్రంథంలోనే ఆయన ఈ మాట చెప్పడం గమనార్హం.

దైవప్రవక్త (స) జీవితంలోనే దీనికి మూలముంది. క్రీ.శ. 632లో ఆయన చిన్నారి కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజున సూర్యగ్రహణం సంభవించింది. ఆ బిడ్డ మరణం వల్లనే సూర్యుడు చీకటైనాడని ప్రజలు చెప్పుకోసాగారు. దైవప్రవక్త (స) వెంటనే దాన్ని ఖండించారు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు పుట్టుకల కోసమూ వాటికి గ్రహణం పట్టదనీ బోధించారు. తనకు గౌరవం తెచ్చే మూఢనమ్మకాన్ని సైతం ఆయన ఒక్క పూట నిలువనీయలేదు.

బత్లీమూస్ మీద సందేహాలు

పాత విశ్వభావనపై మొదటి విమర్శలు యూరపులో పుట్టాయని పాఠ్యపుస్తకాలు చదివినవారికి అనిపించవచ్చు. కాని బస్రాలో పుట్టి కైరోలో పనిచేసిన ఇబ్నుల్ హైసమ్, పదకొండవ శతాబ్దంలోనే 'బత్లీమూస్‌పై సందేహాలు' అనే గ్రంథం రాశాడు. ప్రక్కకు జరిపిన కల్పిత బిందువు చుట్టూ ఒక గోళం సమవేగంతో తిరగడం వాస్తవంలో అసాధ్యమని ఆయన చూపాడు. లెక్క సరిపోవడం వేరు, సృష్టి నిజంగా అలా ఉండడం వేరు అన్నది ఆయన పట్టుదల.

అదే కాలంలో అల్ బీరూనీ భారతదేశాన్ని గురించి రాస్తూ, భూమి తన చుట్టూ తాను తిరుగుతుందనే ఆర్యభటీయుల అభిప్రాయాన్ని ప్రస్తావించాడు. భూమి తిరిగినా ఖగోళ గణితానికి భంగం రాదని స్పష్టం చేశాడు. ఆర్యభటుడు ఈ భావనను క్రీ.శ. 499లోనే ప్రకటించాడు. అంతకు ముందు గ్రీకుల్లో అరిస్టార్కస్ సూర్యుణ్ణి నడుమ ఉంచాడు. అనగా భూభ్రమణ భావన కొత్తది కాదు; దాన్ని నిరూపించే సాధనాలే లేవు.

1259లో మరాగా పట్టణంలో స్థాపించిన వేధశాలకు చెందిన నసీరుద్దీన్ తూసీ ఒక చక్కని ఉపాయం కనిపెట్టాడు. ఒక వృత్తంలో, దానిలో సగం వ్యాసం గల మరో వృత్తం దొర్లుతూ తిరిగితే, చిన్న వృత్తం అంచుమీది బిందువు సరళరేఖ మీద ముందుకు వెనుకకు కదులుతుంది. దీనితో టాలమీ కల్పిత బిందువు అవసరం తగ్గింది. దమిష్క్‌లోని ఉమయ్యద్ మస్జిద్‌లో నమాజు వేళలను నిర్ణయించే ఉద్యోగి ఇబ్ను షాతిర్ (మరణం 1375) ఆ పద్ధతిని పూర్తి చేశాడు. ఆయన చంద్రగణితమూ, తర్వాత కోపర్నికస్ ఇచ్చిన చంద్రగణితమూ ఒకే రకమైనవని 1957లో పరిశోధకులు వెల్లడించారు. 1474లో మరణించిన అలీ ఖుష్‌జీ, భూమి తిరగదని కంటికి కనిపించే ఆధారాలతో నిరూపించడం సాధ్యం కాదన్నాడు.

ఇక్కడ మనం న్యాయం తప్పకూడదు. ఇబ్ను షాతిర్ కూడా భూమిని కేంద్రంలోనే ఉంచాడు. ఆయన గణితం కోపర్నికస్‌కు ఏ మార్గాన చేరిందో చెప్పే లిఖితపూర్వక సాక్ష్యం ఇంతవరకు దొరకలేదు. అంతా మనవాళ్లే కనిపెట్టారని చెప్పుకోవడం మనకు అలవాటైపోయింది. చేసినంత చెప్పుకుంటే చాలు. అదే తక్కువేమీ కాదు.

కోపర్నికస్ చేసిన మార్పు

పోలండుకు చెందిన చర్చి అధికారి నికొలాస్ కోపర్నికస్ 1543లో, తాను మరణించిన సంవత్సరంలోనే, ఖగోళ భ్రమణాలపై గ్రంథం ప్రచురించాడు. అందులో అల్ బత్తానీ, సాబిత్ ఇబ్నె ఖుర్రా వంటి ముస్లిం ఖగోళజ్ఞుల పేర్లు పేర్కొన్నాడు. ఆయన చేసిన మార్పు ఒక్క మాటలో చెప్పవచ్చు: సూర్యుణ్ణి నడుమకు తెచ్చి, భూమిని గ్రహాలలో ఒకటిగా చేశాడు.

దీనితో వక్రగతి సమస్య తేలికైంది. కాజీపేట నుంచి సికిందరాబాదు వెళ్లే రైలులో కూర్చుని ప్రక్కనున్న రోడ్డును చూడండి. అదే దిక్కుకు పోతున్న ఎడ్లబండి మనకు వెనుకకు పోతున్నట్లు కనిపిస్తుంది. బండి నిజంగా వెనుకకు పోవడం లేదు. మనమే దాన్ని దాటి పోతున్నాము. అలాగే, సూర్యునికి దగ్గరగా వేగంగా తిరిగే భూమి, దూరంగా నెమ్మదిగా తిరిగే కుజుణ్ణి దాటిపోయే సమయంలో కుజుడు వెనుకకు నడిచినట్లు కనిపిస్తాడు.

అయితే కోపర్నికస్ కూడా వృత్తాలనే నమ్మాడు. చిన్న వృత్తాలను పూర్తిగా వదలలేదు. ఆయన లెక్కలు టాలమీ లెక్కలకన్నా గొప్పగా ఏమీ కుదరలేదు. భూమి కదులుతున్నదనడానికి ప్రత్యక్ష నిరూపణ కూడా ఆయన వద్ద లేదు. అందువల్ల చాలామంది పండితులు వెంటనే అంగీకరించలేదు. ఇది వారి మూర్ఖత్వం కాదు.

ఆకాశంలో మార్పులు

పాత భావనకు తొలి గట్టి దెబ్బ తగిలింది 1572 నవంబరులో. జాతుల్ కుర్సీ అని అరబ్బులు పిలిచే నక్షత్రమండలంలో ఒక కొత్త నక్షత్రం వెలిగింది. డెన్మార్కు దేశస్థుడు టైకో బ్రాహీ దాన్ని కొలిచి, అది చంద్రునికన్నా చాలా పైన ఉన్నదని తేల్చాడు. మార్పు లేదన్న ఆకాశంలో మార్పు కనిపించింది. 1577లో వచ్చిన తోకచుక్క కూడా చంద్రునికి పైనే ఉన్నదని ఆయన కొలతలు చూపాయి. గ్రహాల మధ్య గట్టి గోళాలే ఉంటే తోకచుక్క వాటిని చీల్చుకొని ఎలా పోతుంది?

అదే తోకచుక్కను ఇస్తాంబుల్‌లో తఖీయుద్దీన్ తన కొత్త వేధశాల నుంచి పరిశీలించాడు. సుల్తాన్ మూడవ మురాద్ పోషణలో కట్టిన ఆ వేధశాలలోని సాధనాలు టైకో సాధనాలకు తీసిపోయేవి కావని చరిత్రకారులంటారు. కాని 1580లో దాన్ని సుల్తాన్ ఆజ్ఞతోనే కూల్చివేశారు. టైకో కొలతలు మాత్రం కెప్లర్ చేతికి అందాయి. రెండు వేధశాలల కథలో మనకు గుణపాఠముంది.

కెప్లర్ ఏళ్ల తరబడి కుజుని లెక్కలు వేశాడు. వృత్తాలతో వేసిన లెక్కకూ టైకో కొలతకూ ఎనిమిది నిమిషాల కోణం తేడా వచ్చింది. అది పున్నమి చంద్రుని వెడల్పులో నాలుగో వంతు. మరొకరైతే సర్దుకునేవారు. కెప్లర్ సర్దుకోలేదు. రెండు వేల ఏళ్లుగా పవిత్రంగా భావించిన వృత్తాన్నే వదిలి, గ్రహాలు దీర్ఘవృత్తాలలో తిరుగుతాయని 1609లో ప్రకటించాడు.

మరుసటి సంవత్సరం జనవరి 7న ఇటలీలో గెలీలియో తన దూరదర్శినిని గురుగ్రహం వైపు త్రిప్పాడు. దాని ప్రక్కన మూడు చిన్న చుక్కలు కనిపించాయి. కొద్ది రోజులకు నాలుగవది కనిపించింది. అవి గురుని చుట్టూ తిరుగుతున్నాయి! అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న మాట అక్కడితో చెల్లిపోయింది. చంద్రుని మీద కొండలు, లోయలు కనిపించాయి. శుక్రుడు చంద్రునిలాగే వృద్ధిక్షయాలు పొందుతూ కనిపించాడు. శుక్రుడు సూర్యుని చుట్టూ తిరిగితే తప్ప అన్ని కళలు కనిపించవు.

1616లో రోము చర్చి కోపర్నికస్ గ్రంథాన్ని సవరించేదాకా నిలిపివేసింది. 1633లో గెలీలియోను విచారించి, తన అభిప్రాయాన్ని వదులుకొనేలా చేసి, గృహనిర్బంధంలో ఉంచింది. 1642లో మరణించే దాకా ఆయన నిర్బంధంలోనే ఉన్నాడు. 1992లో పోప్ రెండవ జాన్ పాల్ ఆనాటి ధర్మశాస్త్రవేత్తల పొరపాటును ఒప్పుకున్నారు. ఇది చదివి క్రైస్తవులను ఎత్తిపొడవడం మనకు తగదు. భూభ్రమణాన్ని ఖండిస్తూ మనలోనూ ఇరవయ్యో శతాబ్దంలో గ్రంథాలు వెలువడ్డాయి.

కదిలే భూమి మనకెందుకు తెలియదు?

మా ఊరి మీదుగా భూమి ఉపరితలం గంటకు దాదాపు 1,590 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతున్నది. అలాగైతే ఎగిరిన పిట్ట తన గూటికి ఎలా చేరుతుంది? పైకి విసిరిన రాయి మన దగ్గరే ఎందుకు పడుతుంది? పాతవారి ప్రశ్న ఇదే, ఇది న్యాయమైన ప్రశ్నే.

గెలీలియో ఓడను ఉదాహరణగా తీసుకున్నాడు. మనం రైలును తీసుకుందాం. సమవేగంతో పోతున్న రైలు పెట్టెలో ఒక నాణెం పైకి ఎగరవేస్తే అది మన చేతిలోనే పడుతుంది, వెనుక సీటులో పడదు. రైలు వేగం నాణేనికీ ఉన్నది గనుక. గాలి, పిట్ట, రాయి అన్నీ భూమితో పాటే పోతున్నాయి. మా స్టేషనులో ఆగి ఉన్న రైలులో కూర్చున్నప్పుడు ప్రక్క పట్టాల మీది రైలు కదిలితే, మన రైలే కదిలిందని భ్రమపడని వారుండరు. ప్లాట్‌ఫారం చూస్తే గాని సంగతి తేలదు.

గెలీలియో కూడా పొరపడ్డాడు. సముద్రపు ఆటుపోట్లే భూచలనానికి రుజువని వాదించాడు, అది తప్పు. నిజమైన వివరణ 1687లో న్యూటన్ నుంచి వచ్చింది. చంద్రుడు భూవ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. దూరం వర్గాన్ని బట్టి ఆకర్షణ తగ్గితే, అక్కడ అది 3,600వ వంతు కావాలి. ఇక్కడ చేతినుంచి జారిన రాయి మొదటి సెకనులో సుమారు 16 అడుగులు పడుతుంది. చంద్రుడు తన సరళమార్గం నుంచి భూమివైపు ఒక నిమిషంలో అదే 16 అడుగులు వంగుతున్నాడు. లెక్క సరిపోయింది. చెట్టునుంచి పండును రాల్చే సూత్రమే చంద్రుణ్ణి నడుపుతున్నది. చంద్రునికి దిగువ ఒక ధర్మం, ఎగువ ఒక ధర్మం అన్న అరిస్టాటిల్ గీత చెరిగిపోయింది.

ప్రత్యక్ష రుజువులు తర్వాత వచ్చాయి. 1838లో బెస్సెల్ ఒక నక్షత్రం భూచలనం వల్ల కొద్దిగా ప్రక్కకు జరిగినట్లు కనిపించడాన్ని కొలిచాడు. దాని దూరం దాదాపు 11 కాంతి సంవత్సరాలు. 1851లో ఫూకో పారిస్‌లో పొడవైన తీగకు బరువు కట్టి ఊపి, ఊగే దిశ నెమ్మదిగా తిరగడాన్ని ప్రజలకు చూపాడు. అదే లోలకాన్ని మన ప్రాంతంలో వేలాడదీస్తే, ఊగే దిశ గంటకు సుమారు నాలుగున్నర డిగ్రీలు తిరిగి, మూడు రోజులు దాటాక మొదటి చోటికి వస్తుంది.

దక్కనుకు వచ్చిన కొత్త విద్య

ఈ విద్య మన నేలకు ఆలస్యంగానైనా వచ్చింది. దాన్ని తెచ్చినవారిలో మనవారున్నారు. ఔరంగజేబు కాలంలో దానిష్‌మంద్ ఖాన్ అనే అమీరు, తన కొలువులోని ఫ్రెంచి వైద్యుడు బెర్నియర్ ద్వారా యూరపు కొత్త శాస్త్రాన్ని పారశీకంలో విన్నాడు. ఆ బెర్నియరే 1667లో గోల్కొండకు కూడా వచ్చాడు. పద్దెనిమిదవ శతాబ్దం చివర తఫజ్జుల్ హుసేన్ ఖాన్ న్యూటన్ గ్రంథాన్ని అరబ్బీలోకి మార్చినట్లు ఆయన సమకాలికులు రాశారు.

హైదరాబాదులో ఈ పనికి పూనుకున్నది పాయిగా వంశపు నవాబు ఫఖ్రుద్దీన్ ఖాన్, షమ్‌సుల్ ఉమరా. ఆయన మద్రసా ఫఖ్రియా స్థాపించి, శిలాముద్రణాలయం పెట్టి, ఇంగ్లీషు శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి అనువదింపజేశాడు. 'సిత్తయె షమ్‌సియా' అనే ఆరు పుస్తకాలు 1840 ప్రాంతంలో అచ్చయ్యాయి. యంత్రశాస్త్రం, ఖగోళం, నీరు, గాలి, కాంతి, విద్యుత్తు అందులోని విషయాలు. మద్రసాలో తొమ్మిది ఫలక్‌లు చెబుతున్న రోజుల్లోనే, అదే నగరంలో సూర్యకేంద్ర ఖగోళం ఉర్దూలో అచ్చయిందన్నమాట.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఈ నేల మీదుగా సాగింది. దాన్ని చూడడానికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు వచ్చాడు. మద్రాసు వేధశాల అధికారి పోగ్సన్ మచిలీపట్నంలో మకాం పెట్టాడు. ఆ వేధశాల ఉద్యోగి చింతామణి రఘునాథాచారి నిజాం రాజ్యంలోని వనపర్తిలో ఒక బృందాన్ని నడిపాడు. గుంటూరులో జాన్సెన్, సూర్యుని అంచున లేచే జ్వాలల కాంతిని గాజు పట్టకంతో విడదీసి చూసి, అవి మండే హైడ్రోజన్ వంటి వాయువుల ప్రకాశమని గుర్తించాడు. మన చెరువు నీటిలో ఉన్న హైడ్రోజనే సూర్యునిలో ఉన్నది! ఆకాశం మారని ఐదవ పదార్థమన్న మాటకు చివరి సమాధానం గుంటూరు నుంచి వెళ్లింది. ఆ గ్రహణంలో కనిపించిన ఒక పసుపు రేఖ అంతవరకు తెలియని హీలియం అనే మూలకానిదని తర్వాత తేలింది. 1895లో అది భూమి మీదా దొరికింది.

1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటిపోవడాన్ని విశాఖపట్నంలో అంకితం వేంకట నరసింగరావు తన సొంత వేధశాల నుంచి పరిశీలించాడు. రఘునాథాచారి ఆ సంఘటనను ప్రజలకు వివరిస్తూ ముందుగానే చిన్న పుస్తకం ప్రచురించాడు. 1901లో పాయిగా నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో 15 అంగుళాల దూరదర్శినితో వేధశాల ఆరంభించాడు. ఆయన మరణించాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని స్వీకరించింది. నిజామియా వేధశాలగా పేరుపొందిన ఆ సంస్థ, పారిస్‌లో నిర్ణయించిన అంతర్జాతీయ నక్షత్రపటంలో తన వాటా ఆకాశభాగాన్ని ఛాయాచిత్రాలు తీసి, లక్షలాది నక్షత్రాల స్థానాలను ప్రచురించింది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం పరిధిలోకి వచ్చింది. 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా అప్పటికే శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెస్తున్నది.

అనువాదకుని ఇబ్బంది, మన బాధ్యత

ఇప్పుడు ఆ కుర్రవాని ప్రశ్నకు వద్దాము. నేను అరబ్బీ, ఉర్దూ గ్రంథాలను తెలుగులోకి తెచ్చేవాణ్ణి. 'ఫలక్' అనే ఒక్క మాట నన్ను ఎన్నోసార్లు ఆపింది. ఖుర్ఆన్‌లో ఆ మాట సూర్యచంద్రులు ఈదులాడే మార్గాన్ని సూచిస్తుంది. టాలమీ అనుయాయుల చేతిలో అదే మాట గ్రహాన్ని బిగించిన గట్టి గోళమైంది. పాత వ్యాఖ్యానంలో వచ్చిన ప్రతి ఫలక్‌నూ నేను 'ఆకాశం' అని తెలుగు చేస్తే, గ్రీకుల గోళం దైవవాక్కు తోడుతో తెలుగు పాఠకుని ఇంట్లో దిగుతుంది. అందుకని దైవవాక్కు ఉన్న చోట 'కక్ష్య' అనీ, తత్త్వవేత్తల అభిప్రాయమున్న చోట 'ఫలక్' అనీ రాసి, ఆ తేడాను పాఠకునికి చెప్పడం అలవాటు చేసుకున్నాను. ఒక మాటను తేలికగా తీసుకుంటే ఒక తరం సందేహంలో పడుతుంది.

దీనికి వ్యతిరేకమైన తొందరపాటు కూడా ఉంది. కొందరు సోదరులు ప్రతి కొత్త ఆవిష్కరణనూ ఏదో ఒక ఆయత్‌కు ముడిపెడుతున్నారు. పూర్వపు వ్యాఖ్యాతలు టాలమీతో చేసిన పని ఇదే కదా! కోపర్నికస్ సూర్యుణ్ణి విశ్వకేంద్రంలో కదలకుండా ఉంచాడు. అదే పరమసత్యమని ఎవరైనా ఆయత్‌లకు అర్థం చెప్పి ఉంటే, వారూ సిగ్గుపడవలసి వచ్చేది. సూర్యుడు విశ్వానికి కేంద్రం కాడు, స్థిరమూ కాడు. పాలపుంత కేంద్రం చుట్టూ ఇరవై కోట్ల సంవత్సరాలకు పైగా పట్టే ప్రయాణం చేస్తున్నాడు. శాస్త్రం తనను తాను సవరించుకుంటూ ముందుకు పోతుంది. అది దాని బలం. దైవవాక్కును ఆ సవరణలకు కట్టివేయడం మన బలహీనత.

కనుక ఆ కుర్రవానితో ఇలా అన్నాను: "బాబూ, నువ్వు చదివింది ఖుర్ఆన్ కాదు, ఒక పండితుడు తన కాలపు విద్యతో చేసిన వివరణ. ఆయనను గౌరవించు. ఆయన ఉదాహరించిన బత్లీమూస్‌ను గౌరవించనవసరం లేదు. కాలేజీలో చెప్పే లెక్క నువ్వే వేసి చూడు. ఆధారం లేకుండా దాన్నీ ఒప్పుకోకు."

తష్‌రీహుల్ అఫ్లాక్‌ను మద్రసాల్లో చదవవద్దని నేను అనను. మన పెద్దల పుస్తకాలు అర్థం కావాలంటే అది చదవాలి. కాని చరిత్రగా చదవాలి. దాని ప్రక్కన ఇబ్నుల్ హైసమ్ సందేహాలను, కెప్లర్ ఎనిమిది నిమిషాలను కూడా బోధించాలి.

ఈద్ తర్వాత ఒక రాత్రి ఇషా నమాజు చేసుకొని మేము మస్జిద్ మిద్దె ఎక్కాము. ఎవరో మామూలు బైనాక్యులర్ తెచ్చారు. దాన్ని పిట్టగోడ మీద కదలకుండా ఆనించి గురుగ్రహాన్ని చూశాము. దాని ప్రక్కన చిన్న చుక్కలు మూడు కనిపించాయి. నాలుగవది గ్రహం వెనుకనో ముందరనో ఉండి ఉండవచ్చు. పిల్లలు వంతులవారీగా చూసి, కాగితం మీద గుర్తులు పెట్టుకున్నారు. మరునాడు చూస్తే చుక్కల స్థానాలు మారాయి. గెలీలియో 1610లో రాసుకున్నదీ ఇదే. ఆ కుర్రవాడు ఇంకేమీ అడగలేదు. మరో కాగితం తీసి మూడవ రాత్రికి గడులు గీసుకున్నాడు.

ఆకాశాలను, భూమిని పరిశీలించే చూపునూ, తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే వినయాన్నీ అల్లాహ్ మనకూ మన సంతానానికీ ప్రసాదించుగాక. ఆమీన్.